కొండెక్కేవాళ్ల జేబులో ఇంటి నంబరు ఉండాలి

సంపాదకుడు గారికి,

వానలు మొదలయ్యాయి. ఇక శని, ఆదివారాలు వస్తే చాలు, హైదరాబాద్, వరంగల్ కుర్రకారు బైకులు తీసి జలపాతాల దారి పడతారు. మా ములుగు వైపు బొగత, ముత్యంధార. ఆంధ్రలో వంజంగి, తలకోన, నాగలాపురం కొండలు. వెళ్లొద్దని నేను అనను. వయసులో ఉన్నప్పుడు కొండలెక్కాలి, అడవిలో నడవాలి. కానీ ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన కాగితం ఒకటి ఒంటిమీద పెట్టుకుని వెళ్లేవాళ్లు ఎందరు? ఏజెన్సీ ఆస్పత్రిలో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. నేను చూసినంతలో అలాంటివాళ్లు చాలా అరుదు.

అడిగితే "ఫోన్ ఉందిగా" అంటారు. అసలు చిక్కు ఆ ఫోన్‌తోనే. ఒకసారి వాగులో జారిపడి తలకు దెబ్బ తగిలిన అబ్బాయిని 108లో తీసుకొచ్చారు. స్పృహ లేదు. వెంట వచ్చిన ఊరివాళ్లకు అతనెవరో తెలియదు. స్నేహితులు వాగు అవతలే చిక్కుకుపోయారు. ఫోన్ జేబులోనే ఉంది, పనిచేస్తోంది కూడా, కానీ లాక్ పడి ఉంది. అతని బొటనవేలు పెట్టి చూశాం. నీళ్లలో నాని ముడతలు పడ్డ వేలిని అది గుర్తుపట్టలేదు. గుడ్డతో తుడిచి పెట్టినా లాభం లేకపోయింది. పర్సులో ఉన్న ఆధార్ జిరాక్స్‌లో పేరు, అడ్రసు ఉన్నాయి గానీ ఫోన్ నంబరు లేదు. చాలాసేపటికి వాళ్లమ్మే ఫోన్ చేసింది. మూర్ఛ ఉందని, రోజూ మాత్రలు వేసుకుంటాడని ఆవిడ చెప్పేదాకా మాకు తెలియదు. తలకు దెబ్బ తగిలినవాడి విషయంలో డాక్టరుకు మొట్టమొదట తెలియాల్సిన సంగతి అది.

ఫోన్ తెరవకుండానే ఇలాంటి వివరాలు కనబడే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. ఆండ్రాయిడ్‌లో అయితే సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' దగ్గర, ఐఫోన్‌లో హెల్త్ యాప్‌లోని 'మెడికల్ ఐడీ'లో నింపుకోవచ్చు. అవసరమైనప్పుడు లాక్ స్క్రీన్ మీద 'ఎమర్జెన్సీ' నొక్కితే కనబడతాయి. ఇంటివాళ్ల నంబరును 'ఐసీఈ' (ఇన్ కేస్ ఆఫ్ ఎమర్జెన్సీ, అంటే ఆపద వస్తే) అనే పేరుతో సేవ్ చేసుకోమని 2005లోనే బ్రిటన్‌లో బాబ్ బ్రాచీ అనే అంబులెన్స్ ఉద్యోగి ప్రచారం చేశాడు. మన పిల్లలు ఎవరి సాయం లేకుండా ఐదు నిమిషాల్లో చేసుకోగల పని ఇది. అయినా దీనిమీదే భారం వేయకూడదు. ఫోన్ తడుస్తుంది, పగులుతుంది, చార్జింగ్ అయిపోతుంది. అందుకే కాగితం కావాలి. అది కూడా బ్యాగులో కాదు, ఒంటిమీద ఉండాలి. మనిషి జారినప్పుడు బ్యాగు ఎక్కడ పడుతుందో చెప్పలేం.

ఆ కాగితంలో ఏం రాయాలో కూడా చెబుతాను. అందరూ బ్లడ్ గ్రూపు పెద్దక్షరాలతో రాస్తారు. రాయండి, తప్పులేదు. కానీ రక్తం ఎక్కించే ముందు గ్రూపు, క్రాస్‌మ్యాచింగ్ (ఎక్కించే రక్తం మన రక్తంతో సరిపడుతుందా అన్న పరీక్ష) ఎలాగూ చూస్తారు. అంతకంటే ముఖ్యం షుగర్, మూర్ఛ, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే ఆ సంగతి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే వాటి పేర్లు, ఏ ఇంజెక్షన్ పడదో ఆ వివరం. ఫోన్ నంబర్లు రెండు ఉండాలి. కొత్త నంబరు అంటే మోసగాళ్లేమోనని ఈ రోజుల్లో పెద్దవాళ్లు ఎత్తడం లేదు. ఆ రెండూ మీతో ట్రిప్పుకు రానివాళ్లవి కావాలి. భార్యాభర్తలు కలిసి వెళుతూ ఒకరి నంబరు ఒకరు రాసుకుంటే ఉపయోగమేముంది? తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మిమ్మల్ని ముందుగా చూసేది పశువులు కాసే మనిషో, తునికాకు కోసే ఆడమనిషో కావచ్చు. హిమాలయాలకు వెళ్లేవాళ్లు హిందీ మాట్లాడగల బంధువు నంబరు ఒకటి తప్పకుండా పెట్టుకోవాలి. హిందీ రాని తల్లిదండ్రులకు అక్కడి నుంచి ఎవరో ఫోన్ చేసి గబగబా చెబితే ఏం అర్థమవుతుంది, టెన్షన్ తప్ప? ఇంకో సంగతి, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకశ్మీర్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

బయలుదేరేముందు ఇంట్లో ఒకరికి ఏ దారిన వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగి ఫోన్ చేస్తారో చెప్పి వెళ్లండి. 2023 జులైలో ముత్యంధారకు వెళ్లినవాళ్లు పదుల సంఖ్యలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. ఫోన్ కలిసింది కాబట్టి పోలీసులకు కబురు అందింది, ఎన్‌డీఆర్‌ఎఫ్ సిబ్బంది వాళ్లను బయటికి తెచ్చారు. నల్లమల లోపల చాలాచోట్ల సిగ్నలే ఉండదు. అక్కడ ఇరుక్కుంటే, రాత్రయినా మనవాడు రాలేదని ఇంట్లోవాళ్లు కంగారుపడి 112కు ఫోన్ చేయాల్సిందే.

పిల్లల మీదే అంతా వదిలేయడం కూడా న్యాయం కాదు. అమర్‌నాథ్ యాత్రకు 2022 నుంచి ప్రతి యాత్రికుడి మెడలో మనిషి జాడ తెలిపే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగు తప్పనిసరి చేశారు. మారథాన్‌లో చొక్కాకు తగిలించుకోమని ఇచ్చే బిబ్ నంబరు వెనక సాధారణంగా పేరు, ఇంటివాళ్ల నంబరు, జబ్బుల వివరం రాసుకోవడానికి గళ్లు ఉంటాయి. చాలామంది వాటిని ఖాళీగా వదిలేసి ముందువైపు మాత్రం ఫొటో దిగుతారు. డబ్బు తీసుకుని ట్రెక్కింగ్‌కు తీసుకెళ్లే నిర్వాహకులు ఆ వివరాలు నింపనివాళ్లను బస్సు ఎక్కించకూడదు. అటవీ, పర్యాటక శాఖలు జలపాతాల టికెట్ కౌంటర్ల దగ్గర తడవని అట్టకార్డులు, పెన్నులు పెట్టి, టికెట్‌తో పాటే కార్డు రాయించాలి. దాని కొస చింపి కౌంటర్‌లో ఉంచుకుంటే సాయంత్రానికి ఎవరు తిరిగి రాలేదో కూడా తెలుస్తుంది. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఈ సీజన్‌లోనే బొగత దగ్గర మొదలుపెట్టాలని జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, ములుగు జిల్లా