బోరు డబ్బులు ఏమయ్యాయి: మన కాలనీ 2024–25 జమా ఖర్చుల వివరణ

కాలనీ వాసులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సంక్షేమ సంఘానికి వచ్చిన ప్రతి రూపాయికీ, ఖర్చయిన ప్రతి రూపాయికీ లెక్క ఇది. ఏటా నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటించి ఊరుకునేవాళ్లం. ఈసారి అది చాలదు. "బోరు పేరు చెప్పి రెండున్నర లక్షలు వసూలు చేశారు, చుక్క నీళ్లు పడలేదు, ఆ డబ్బులు ఏమయ్యాయి?" అని ఏడాదిగా అడుగుతున్నారు. అడగడం మీ హక్కు, చెప్పడం మా పని. అందుకే కోశాధికారిగా నేను బోరు లెక్కతోనే మొదలుపెడుతున్నాను.

2024 మార్చి నెలాఖరుకు కాలనీ బోరు రెండు గంటలు నడిచేసరికి నీళ్లు ఆగి ఆగి వచ్చేవి. ఓవర్‌హెడ్ ట్యాంకు సగం కూడా నిండేది కాదు. ఆ వేసవిలో హైదరాబాద్‌లో చాలా కాలనీల పరిస్థితి అదే. కొత్త బోరు వేద్దామని కమిటీ తొమ్మిది మందిమి అనుకున్నాం. ఇంటికి 2,500 రూపాయలు అడిగాం. ఉన్న 112 ఇళ్లలో 97 ఇళ్లవాళ్లు పూర్తిగా ఇచ్చారు, అది 2,42,500. ఎనిమిది ఇళ్లలో అద్దెకు ఉంటున్నవాళ్లు, ఓనర్లు పలకకపోతే తమ వంతుగా తలా 1,000 ఇచ్చారు, అది 8,000. ఏడు ఇళ్ల నుంచి ఏమీ రాలేదు. మొత్తం జమ 2,50,500. ఆ ఎనిమిది కుటుంబాలకు చేతులెత్తి దండం పెడుతున్నాను. సొంతిల్లు కాకపోయినా, రేపు ఈ కాలనీలో ఉంటారో లేదో తెలియకపోయినా ఇచ్చారు.

బోరు పాయింటు పెట్టడానికి జియాలజిస్టును పిలిచాం, ఫీజు 3,000. కొబ్బరికాయ పట్టుకుని చూసే పెద్దాయనను కూడా పిలవాల్సిందేనని కొందరు పట్టుబట్టారు, ఆయనకు 1,116. ఇద్దరూ పార్కు పక్కన దాదాపు ఒకేచోట చూపించారు. జియాలజిస్టు మాత్రం ఒక మాట కచ్చితంగా చెప్పాడు: "ఇది గట్టి గ్రానైటు నేల. నీళ్లుంటే పైనున్న మెత్తరాయిలోనో, కింద పగుళ్లలోనో ఉంటాయి. 450 అడుగుల లోపు పడాలి. పడకపోతే ఆపేయండి."

ఏప్రిల్ 20 రాత్రి బోరు వేసే రిగ్గు బండి వచ్చింది. 60 అడుగుల దాకా మట్టి, మెత్తరాయి. అక్కడిదాకా మట్టి కూలకుండా కేసింగ్ పైపు దించారు. తర్వాత అంతా రాయి. 180 దగ్గర కొంచెం తడి తగిలింది, రాతి పిండి ముద్దలు ముద్దలుగా వచ్చింది, అందరం చప్పట్లు కొట్టాం. ఇరవై అడుగులు పోయేసరికి మళ్లీ తెల్లటి పొడి పిండే. చుట్టూ ఉన్న కార్లు, మొక్కలు, మా తలలు అన్నీ సున్నం కొట్టినట్టయ్యాయి. 450 అడుగులు వచ్చాయి. ఆపాలి. ఆపలేదు. నిలబడినవాళ్లలో ఒకరు "ఇంకో వంద చూద్దాం" అన్నారు, ఆ వంద అయ్యాక ఇంకొకరు అన్నారు. మేమూ ఆశపడ్డాం. తెల్లవారుజామున నాలుగున్నరకు 860 అడుగుల దగ్గర ఆపించాం. నీళ్లు పడలేదు.

రేటు మొదటి 300 అడుగులకు అడుగుకు 100. ఆ తర్వాత ప్రతి వందకూ పెరుగుతుంది: 110, 120, 135, 150, 170, చివరి 60 అడుగులకు 190. మొత్తం 1,09,900. నీళ్లు పడినా పడకపోయినా అడుగుల లెక్క ఇవ్వాల్సిందే, ఏ బండివాళ్లయినా అంతే. కేసింగ్ 60 అడుగులు, అడుగుకు 420 చొప్పున 25,200. అనుమతి దరఖాస్తుకూ, రాత్రంతా పనిచేసిన కుర్రాళ్ల భోజనాలకూ 2,600. పాయింటు పెట్టినవాళ్లవి కూడా కలిపితే బోరు ఖర్చు 1,41,816.

"వేసింది ఆరు వందల అడుగులే, బిల్లు 860కి రాశారు" అన్న మాట చాలా దూరం పోయింది. దానికి నా జవాబు ఒక నోటుపుస్తకం. రిగ్గు ఒక్కో రాడ్డు 20 అడుగులు. మన కమిటీలోని రిటైర్డ్ లెక్కల మాస్టారు కుర్చీ వేసుకుని కూర్చుని, రాడ్డు దిగిన ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కన టైము రాశారు. మొత్తం 43 గీతలు. కింద సంతకం చేసిన ముగ్గురూ కమిటీవాళ్లు కాదు, ఆ రాత్రి మెలకువగా ఉన్న కాలనీవాళ్లే. ఆ పేజీ ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

దొంగలెక్క లేదు కానీ తప్పు ఉంది, అది మాదే. ఇంత ఖర్చు పెట్టే ముందు సర్వసభ్య సమావేశం పెట్టాలి, మేము వాట్సాప్‌లో మాట్లాడుకుని తేల్చేశాం. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకోవాలి, ఒక్కరి దగ్గరే తీసుకున్నాం. జియాలజిస్టు చెప్పినట్టు 450 దగ్గర ఆపి ఉంటే డ్రిల్లింగు 47,000తో అయిపోయేది. మా ఆశకు, మొహమాటానికి కాలనీ డబ్బు 62,900 రూపాయలు రాతిలోకి పోయింది. దీనికి కమిటీ తరఫున క్షమాపణ కోరుతున్నాం. ఇకమీదట 25,000 దాటే ఏ పనికైనా సర్వసభ్య సమావేశం, మూడు కొటేషన్లు తప్పనిసరి అని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం.

మిగిలిన 1,08,684 ఏం చేయాలన్నది మే 26 ఆదివారం నాటి సమావేశంలో మీరే నిర్ణయించారు. "తిరిగి ఇచ్చేయండి" అన్నవాళ్లూ ఉన్నారు, "ఇంకోచోట వేయండి" అన్నవాళ్లూ ఉన్నారు. చివరికి ఉన్న బోరును బాగుచేసుకుని, పోయిన బోరును వాననీళ్లు లోపలికి పంపడానికి వాడుకుందామన్న మాటకే ఎక్కువ చేతులు లేచాయి. పాత బోరు ఫ్లషింగుకు, అంటే లోపల చేరిన పూడిక బయటికి తీయించడానికి 18,000, మోటారు రీవైండింగుకు, మరింత లోతుకు దించడానికి కావలసిన పైపులకు 14,700 అయ్యాయి. ఆ రెండూ కలిపి 32,700.

ఎండిన బోరు చుట్టూ ఎనిమిది అడుగుల లోతు గుంత తీయించి, కేసింగ్‌కు చిల్లులు పెట్టి, జాలీ చుట్టి, పెద్దరాయి, కంకర, ఇసుక వరుసగా నింపించాం. కమ్యూనిటీ హాలు పైకప్పు నీళ్లూ, పార్కు పక్క వీధి వాన కాలువ నీళ్లూ అందులోకి వచ్చేలా పైపులు వేశాం. కాలువ నీళ్లు ముందు వేరే తొట్టిలో చెత్త, మట్టి దించుకున్నాకే గుంతలోకి వస్తాయి. దీనికి 58,400. పల్లంలో ఉన్న నాలుగు వీధుల చివర నాలుగు ఇంకుడు గుంతలు, ఒక్కోటి 9,500 చొప్పున 38,000. మొత్తం 96,400. మన దగ్గర ఉన్నది 75,984. తక్కువ పడిన సొమ్ము వినాయకుడి లెక్కలోంచి వచ్చింది.

సెప్టెంబరు 7 నుంచి 17 వరకు చేసిన ఉత్సవాలకు చందాలు 86,300 వచ్చాయి. ఐదడుగుల మట్టి విగ్రహానికి 14,000, మండపం, లైటింగుకు 22,500, పూజా సామగ్రి, పంతులు గారి దక్షిణకు 11,200, అన్నదానానికి 31,850, నిమజ్జనం బండికి, డప్పులకు 6,100. మొత్తం ఖర్చు 85,650, మిగిలింది 650. లడ్డూ 41,000కి పాడారు. అందులో 20,000 చేతికి వచ్చింది, మిగతా 21,000 వచ్చే చవితి లోపు ఇస్తామన్నారు. రాని డబ్బును జమలో చూపలేదు. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో 1994లో 450 రూపాయలతో మొదలైన లడ్డూ పాట డబ్బును ఊరి పనులకు వాడుకుంటున్నారు కదా, మనమూ అలాగే చేద్దామని మన యువకులే ముందుకొచ్చారు. అలా 20,650 ఇంకుడు గుంతలకు మళ్లించాం. అన్నీ పోను బోరు ఖాతాలో మిగిలింది 234 రూపాయలు.

ఈ గుంతల వల్ల ఏమొస్తుందని అడిగేవాళ్లకు ఒక చిన్న లెక్క. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హాలు పైకప్పు సుమారు 110 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే ఆ ఒక్క కప్పు మీదే 88,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు పదిహేడుకు పైనే. అంతా భూమిలోకి దిగదు, కొంత ఆవిరవుతుంది, కొంత పొంగిపోతుంది. అయినా ఇన్నాళ్లూ అది మొత్తం డ్రైనేజీలోకి పోయింది. కిందటి మార్చిలో రెండు గంటలకే ఆగిపోయిన బోరు ఈ మార్చిలో మూడున్నర గంటలు నడిచింది. అదంతా గుంతల గొప్పే అనను. ఫ్లషింగు చేయించాం, సెప్టెంబరు మొదట్లో పెద్ద వానలు పడ్డాయి. ఈ మార్చిలో మాత్రం కాలనీకి ఒక్క ట్యాంకరూ తెప్పించలేదు.

కిందటేడు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో 5,000 లీటర్ల ట్యాంకర్లు 134 తెప్పించాం. నగరానికి నీళ్లిచ్చే ప్రభుత్వ సంస్థ జలమండలివి 88, ఒక్కోటి 500 చొప్పున 44,000. నగరమంతా ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన వేసవి కాబట్టి అవి సరిపోలేదు. ప్రైవేటువి 46 తీసుకున్నాం, 900 నుంచి 1,500 దాకా ఎంత చెబితే అంత ఇచ్చాం, 55,700 అయ్యాయి. మొత్తం 99,700. ఇంటికి నెలకు 300 చొప్పున మూడు నెలలకు 99 ఇళ్లు కట్టాయి, 89,100. లోటు 10,600 మెయింటెనెన్సులోంచి సర్దాం. కట్టని 13 ఇళ్లకూ నీళ్లు ఆపలేదు. ఎండాకాలంలో ఎవరి కొళాయీ కట్టేయడం మాకు ఇష్టం లేదు.

ఇక నెలవారీ లెక్క. ఇంటికి 300 చొప్పున 4,03,200 రావాలి, 3,71,400 వచ్చింది. 11 ఇళ్ల నుంచి 106 నెలల బకాయి 31,800 ఉంది. పేర్లు బోర్డు మీద వేయం, ఇళ్లకే వచ్చి మాట్లాడతాం. హాలు అద్దె 18,000, బ్యాంకు వడ్డీ 3,940 కలిపి జమ 3,93,340. ఖర్చులో వాచ్‌మన్ జీతం 1,32,000. నీళ్లు వదిలే అతనికి 54,000. పార్కు ఊడ్చే ఆమెకు నెలకు 3,000 చొప్పున 36,000. ఆమెకు జీతం పెంచి మూడేళ్లయింది, ఈసారి తప్పకుండా పెంచాలని నేను సమావేశంలో అడగబోతున్నాను. మోటారు కరెంటు 68,730, పైపులైను లీకులు 27,350, సీసీ కెమెరాల రిపేర్లు 21,600, ఆడిట్, స్టేషనరీ 9,800, చిల్లర రిపేర్లు 6,450. ట్యాంకర్ల లోటుతో కలిపి 3,66,530. మిగులు 26,810.

ఏడాది మొదట్లో నిల్వ 1,41,535. అన్ని పద్దుల కింద వచ్చింది 8,39,240. ఖర్చు 8,12,196. మార్చి 31 నాటికి నిల్వ 1,68,579. ఇందులో బ్యాంకులో 1,64,204, చేతిలో 4,375.

బిల్లులు, పాసుబుక్కు, రాడ్ల నోటుపుస్తకం ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 12 వరకు హాల్లో బల్ల మీద ఉంటాయి. అద్దెకు ఉన్నవాళ్లు కూడా చూడవచ్చు, అడగవచ్చు. ఏప్రిల్ 27 ఆదివారం సాయంత్రం 5 గంటలకు సర్వసభ్య సమావేశం. మొదటి అంశం ఈ లెక్కల ఆమోదం, రెండోది వానలు రాకముందే నాలుగు గుంతల్లో పూడిక తీయించడం.

ఇట్లు,
కోశాధికారి, కాలనీ సంక్షేమ సంఘం
13–04–2025