రెయిడ్ అంటే బ్యాకప్ కాదు, ఆ వ్యాసాన్ని సరిదిద్దండి

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ టెక్నాలజీ పేజీలో ఇంట్లో పెట్టుకునే స్టోరేజ్ సర్వర్ (కొన్ని డిస్క్‌లు బిగించి ఫైళ్లు దాచుకునే పెట్టె) మీద వేసిన వ్యాసం చదివినప్పటి నుంచీ రాద్దామా వద్దా అనుకుంటూనే ఉన్నాను. నిన్న మా ఆఫీసులో ఒకాయన ఆ వ్యాసాన్ని ఫోన్లో ఫోటో తీసుకొచ్చి చూపించి, పేపర్లోనే వేశారు కదా, ఇక నా పాత ఎక్స్‌టర్నల్ డిస్క్‌లన్నీ ఫార్మాట్ కొట్టేసి ఈ పెట్టె కొనేస్తానన్నాక ఇంక ఊరుకోలేకపోయాను. ఆయన్ని ఆపగలిగాను. మిగతా పాఠకుల్ని ఎవరు ఆపుతారు?

రెయిడ్‌లో, అంటే కొన్ని డిస్క్‌లను కలిపి ఒకటిగా వాడే పద్ధతిలో, ప్రతి ఫైలూ రెండు డిస్క్‌ల మీద ఉంటుంది కాబట్టి వేరే బ్యాకప్ అక్కర్లేదని రాశారు. డిస్క్ పాడైతే కొత్తది బిగిస్తే పది నిమిషాల పని అని కూడా రాశారు. ఈ రెండూ తప్పే. నాకు ఆ పెట్టె అమ్మినప్పుడు షాపులో చెప్పింది కూడా అచ్చంగా ఇదే, నమ్మాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెయిడ్ అన్న పేరు 1988లో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు బర్క్‌లీ నుంచి వెలువరించిన పత్రంతో వాడుకలోకి వచ్చింది. ఖరీదైన ఒక పెద్ద డిస్క్ బదులు చవకైన చిన్న డిస్క్‌లు కలిపి వాడితే ఎలా ఉంటుంది, వాటిలో ఒకటి చచ్చినా పని ఎలా ఆగకుండా ఉంటుంది అన్నది వాళ్ల ప్రశ్న. పని ఆగకపోవడం వేరు, డేటాకు ఇంకో కాపీ ఉండటం వేరు. పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అది రెండో డిస్క్‌లోనూ అదే క్షణంలో పోతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే రెండు చోట్లా వేస్తుంది. పవర్ సప్లై కాలిపోయినా, పెట్టెను దొంగ ఎత్తుకుపోయినా డిస్క్‌లన్నీ కలిసే పోతాయి.

మా ఇంట్లోది నాలుగు డిస్క్‌ల పెట్టె. ఒక్కోటి 4 టెరాబైట్లు, రెయిడ్ 5లో పెట్టాం. ఒకటి పోతే తట్టుకుంటుంది, రెండు పోతే అంతా గోవిందా. ఒక రాత్రి మూడో డిస్క్ దగ్గర పచ్చ లైటు ఆరిపోయి నారింజ రంగు లైటు వెలిగింది. చెవి ఆనించి వింటే టక్... టక్... కాసేపు నిశ్శబ్దం, మళ్లీ టక్. లోపల చదివే హెడ్ తన చోటు దొరక్క వెనక్కొచ్చి కొట్టుకునే చప్పుడు అది. ఒకసారి వింటే మర్చిపోవడం కష్టం. పెట్టె ఆపేసి, డిస్క్ బయటికి తీసి, దాని మీద ఉన్న సీరియల్ నంబర్ని స్క్రీన్ మీద చూపించిన నంబర్‌తో మూడుసార్లు సరిపోల్చుకున్నాకే కొత్తది బిగించాను. కొన్ని సాఫ్ట్‌వేర్లు డిస్క్‌లను సున్నా నుంచి లెక్కపెడతాయి, పెట్టె మీదేమో ఒకటి నుంచి ఉంటుంది, ఆ కంగారులో బాగున్న డిస్క్‌ని లాగేసే ప్రమాదం ఉంది. మీ వ్యాసంలో సీరియల్ నంబర్ అన్న మాటే లేదు.

ఆ తర్వాత రీబిల్డ్, అంటే మిగిలిన డిస్క్‌లను చదివి, పోయిన డిస్క్‌లోని డేటాను కొత్తదాని మీద తిరిగి రాయడం. పది నిమిషాలని ఎవరు లెక్కేశారో తెలీదు. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఎక్కడా ఆగకుండా రాసినా 4 టెరాబైట్లకు ఏడు గంటలు దాటుతుంది, అదీ పెట్టెను ఇంకెవరూ వాడకుండా ఉంటే. అన్ని గంటలూ మిగిలిన మూడు డిస్క్‌లను మొదటి సెక్టార్ (డిస్క్ మీద డేటా రాసే చిన్న గడి) నుంచి చివరి సెక్టార్ దాకా చదవాలి, ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫైళ్లతో సహా. ఎక్కడో ఒక మూల ఎప్పుడో చెడిపోయిన సెక్టార్ ఉంటే అది బయటపడేది అప్పుడే, ఆదుకోవాల్సిన డిస్క్ లేనప్పుడే. ఇళ్లలో వాడే చాలా డ్రైవ్‌ల స్పెసిఫికేషన్ కాగితంలో, 1 పక్కన 14 సున్నాలు పెడితే వచ్చేన్ని బిట్లు చదివితే ఒక తప్పు దాకా రావచ్చని కంపెనీలే రాసుకుంటాయి. అది 12.5 టెరాబైట్లు. మా పెట్టె ఆ రోజు చదవాల్సింది 12. చాలా డ్రైవ్‌లు ఆ లెక్క కంటే మెరుగ్గానే చదువుతాయి, ప్రతిసారీ తప్పు వస్తుందని నేననను. మాకు మాత్రం 61 శాతం దగ్గర ఒకటో డిస్క్ కూడా చదవలేనంటూ ఆగిపోయింది. నాలుగూ ఒకే రోజు, ఒకే అట్టపెట్టెలోంచి తీసి ఇచ్చినవి. ఒకే బ్యాచ్, ఒకే వయసు, ఇన్నేళ్లూ ఒకే వేడి. ఒకదాని వెనక ఇంకొకటి పోవడంలో వింతేముంది?

పెట్టె కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి, చివరికి లైన్లోకి వచ్చినతను చెప్పిన సలహా ఇనిషియలైజ్ చేసి మళ్లీ మొదటి నుంచి సెటప్ చేసుకోమని. అంటే ఉన్నదంతా మన చేత్తో మనమే తుడిచేసుకోవాలి. టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ బటన్ నొక్కేస్తే ఎవరిది బాధ్యత?

నేను నొక్కలేదు. ఆ ఒకటో డిస్క్‌ని తీసి లినక్స్ ఉన్న కంప్యూటర్‌కు తగిలించి, డిడిరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో ఇంకో కొత్త డిస్క్ మీదికి క్లోన్ చేశాను. అది బాగున్న భాగాలన్నీ ముందు లాగేసుకుని, మొండికేసిన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది. మూడు రోజులు పట్టింది. ఆ క్లోన్‌ని పెట్టెలో పెట్టి, మళ్లీ రీబిల్డ్ చేస్తే దాదాపు అంతా వచ్చింది. దాదాపు అని ఎందుకన్నానంటే, మా అమ్మ ఫోటో ఒకటి ఉంది, తెరిస్తే నుదురు, కళ్లు కనిపిస్తాయి, అక్కడి నుంచి కింద అంతా బూడిద రంగు. వేరే చోట ఆ ఫోటోకి కాపీ లేదు, ఎందుకంటే అక్కర్లేదని చెప్పారు.

ఇక పక్కన బాక్సు కట్టి వేసిన చిట్కా సంగతి. పాడైన డిస్క్‌ని కవర్లో చుట్టి ఫ్రీజర్లో పెట్టమన్నారు. హెడ్‌కీ, డేటా రాసి ఉండే తిరిగే పళ్లేనికీ మధ్య ఖాళీ కొద్ది నానోమీటర్లు మాత్రమే. చల్లబడిన డిస్క్‌ని బయటికి తీస్తే లోపల తేమ పట్టొచ్చు. టక్ టక్ అనే డిస్క్‌కి చేయాల్సింది కరెంటు తీసేసి, అంత విలువైన డేటా ఉంటే రికవరీ నిపుణులకు ఇవ్వడం. ఒకప్పుడు ఇలాంటి వ్యాసం వేసేముందు ఆ పని తెలిసినవాళ్లకు ఎవరికైనా ఒక్క ఫోన్ చేసి అడిగేవాళ్లు. ఇప్పుడు కంపెనీ పంపిన కాగితాన్నే వ్యాసంగా వేస్తున్నారేమో అనిపిస్తోంది, ఆ మాట రాయడానికి బాధగానే ఉంది.

కంపెనీలేమన్నా తక్కువా? నాస్ (ఇలాంటి స్టోరేజ్ పెట్టె) కోసమే అని ముద్రేసి అమ్మిన కొన్ని డ్రైవ్‌లలో ట్రాకులు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా రాసే ఎస్ఎంఆర్ పద్ధతి ఉందని 2020లో బయటపడింది. అప్పటిదాకా కొన్నవాళ్లకు ఆ ముక్క చెప్పనే లేదు, రీబిల్డ్‌లో అవి ఎంత నెమ్మదిస్తాయో వాడినవాళ్లకు తెలుసు. వారంటీ ఉందంటారు, ఆ వారంటీ డిస్క్‌కే, డేటాకు కాదు. కొత్త డిస్క్ కావాలంటే పాతది వెనక్కి ఇవ్వాలి, తిరగని డిస్క్‌లోని మన కాగితాలు, ఫోటోలు తుడిచి ఇచ్చేదెలా? దీని మీద రూలేంటో వినియోగదారుల వ్యవహారాలు చూసే అధికారులు ఎప్పుడైనా నోరు విప్పారా? ఏ ఆఫీసుకెళ్లినా స్కాన్ చేసి అప్‌లోడ్ చేయండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి అంటారు. రేపు వాళ్ల సర్వర్‌లో ఫైలు కనపడకపోతే మళ్లీ మన కాపీనే అడుగుతారు. జనానికి అన్నీ దాచుకోమని చెప్పేవాళ్లు ఎలా దాచుకోవాలో కూడా చెప్పాలి కదా. కాపీలు మూడు ఉండాలి, రెండు రకాల పరికరాల్లో ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి అన్న 3-2-1 పద్ధతి చాలా ఏళ్లుగా ఉన్నదే. ఏటా మార్చి 31న ప్రపంచ బ్యాకప్ దినం కూడా ఉంది. మీరు వేసిన అంత పెద్ద వ్యాసంలో ఈ రెంటికీ చోటు దొరకలేదు.

నేను అడిగేది ఒకటే. తప్పులు ఒప్పుకుంటూ, అదే పేజీలో, అంతే సైజులో సవరణ వేయండి. లోపలి పేజీల్లో ఎక్కడో అడుగున రెండు లైన్లు వేసి ఊరుకోవద్దు. ఈలోగా ఆ వ్యాసం చూసి ఎవరైనా పాత డిస్క్‌లు ఫార్మాట్ చేద్దామనుకుంటుంటే, దయచేసి ఆగండి.

ఇట్లు,
మీ పత్రిక పాత పాఠకుడు