ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరితే చాలా?

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగితే ‘బ్యాటరీ వైరు కాసేపు తీసి పెట్టండి, పోతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చాలా కార్లలో అట్ల పోదు. తప్పు తాలూకు కోడ్, బ్యాగును నడిపే చిన్న కంప్యూటర్ (మాడ్యూల్) మెమరీలోనే ఉంటుంది.

తాళం తిప్పగానే మీటర్‌లో ఆ లైటు ఐదారు సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే గుద్దినప్పుడు బ్యాగు తెరుచుకోకపోవచ్చు, బెల్టును బిగించే ప్రిటెన్షనర్ కూడా పనిచేయకపోవచ్చు. అసలు వెలగనే వెలగకపోతే ఇంకా అనుమానించాలి. ఆ లైటు బుగ్గ పీకేసి సెకండ్ హ్యాండ్ బండి అంటగట్టేవాళ్లున్నారు. పేలిపోయిన బ్యాగు చోట రెండు మూడు ఓమ్‌ల రెసిస్టర్ అనే చిన్న ముక్క పెట్టి, బ్యాగు ఉన్నట్టే మాడ్యూల్‌ను నమ్మించే ఘనులూ ఉన్నారు. పైన కవరు కొత్తది, లోపల ఖాళీ!

చాలాసార్లు తప్పు చిన్నదే. సీటు జరిపినప్పుడు దాని కింద ఎయిర్‌బ్యాగ్ వైర్లను కలిపే పసుపు కనెక్టర్ వదులవుతుంది. లైటుతోపాటు హారన్ కూడా మూగబోతే స్టీరింగ్‌లో బ్యాగుకూ హారన్‌కూ కరెంటు అందించే చుట్ట తీగ, స్పైరల్ కేబుల్, చూడాలి. మన దగ్గర ఇంకోటుంది. 2023 జూలైలో హనుమకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడు నీళ్లలో నానిన బండ్లు. చాలా కార్లలో మాడ్యూల్ గేర్ రాడ్ దగ్గర, నేలకు ఆనుకునే ఉంటుంది. కార్పెట్ తడి ఆరకుంటే పిన్నులకు పచ్చగా చిలుము పట్టి, నెలల తర్వాత లైటు వెలుగుతుంది.

చిన్నదే కదా అని పసుపు వైర్లు కెలకొద్దు. బ్యాటరీ నెగటివ్ తీసి, మాడ్యూల్‌లో కరెంటు దాచుకునే కెపాసిటర్ చార్జి దిగేదాకా కనీసం మూడు నిమిషాలు ఆగాలి. బ్యాగుకు మల్టీమీటర్ పెడితే ఆ కాస్త కరెంటుకే పేలొచ్చు. కారుకు తగిలించి కోడ్‌లు చదివే చవక స్కానర్లు చాలావరకు ఇంజిన్ కోడ్‌లే చూపిస్తాయి, ఎస్‌ఆర్‌ఎస్ (ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ) కోడ్ చదివేదే కావాలి. అప్పటిదాకా నడపక తప్పదంటే బెల్టు నడుముకు కిందుగా, బిగుతుగా పెట్టుకోండి. ఛాతీకి స్టీరింగ్‌కు 25 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. ముందు సీట్లో ఎవరినీ కూర్చోబెట్టొద్దు. వర్క్‌షాప్ దాకా సరే, మేడారం దాకా వద్దు.

2019 జూలై నుంచి కొత్త కార్లలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. కాగితం మీద బాగుంది. ఫిట్‌నెస్ తనిఖీకొచ్చిన ట్యాక్సీలో తాళం తిప్పి ఆరు సెకన్లు మీటర్ వైపు చూసే తీరిక రవాణా శాఖ సార్లకు దొరకదు.

ఆ బ్యాటరీ చిట్కా వేసిన చోటే, అదే సైజు అక్షరాల్లో సవరణ వేయగలరు.

– ఒక పాఠకుడు, హనుమకొండ