శనివారం రాత్రి మిమ్మల్ని ఇంటికి పంపిన సంగతి

మన క్లబ్బుకు క్రమం తప్పకుండా వచ్చేవారందరికీ,

పోయిన శనివారం మొదటి విడత మధ్యలోనే కచేరీ ఆగిపోయింది. రెండో విడత లేదని వేదిక ఎక్కి చెప్పింది నేనే. "యాంప్లిఫయర్ పాడైంది, క్షమించండి, డబ్బు తిరిగి ఇస్తాం" అన్నాను. అంతవరకు అందరికీ తెలిసిందే. ఆ తరువాత జరిగింది మాత్రం నలభై ఏడుగురికి తెలియదు. మీరు వెళ్లిపోయాక, ఆ రోజు జాజ్ గిటార్ వాయించడానికి వచ్చిన పెద్దాయన నలభై నిమిషాలు వాయించారు. యాంప్లిఫయర్ లేదు, మైకు లేదు. ఎదురుగా పద్నాలుగు మంది. వాళ్లను నేను ఏరి కూర్చోబెట్టలేదు. బయట వాన పడుతోంది, గొడుగు తెచ్చుకోనివారు ఆగారు.

ఈ మాట వేరొకరు చెబితే వినడం కంటే నేను చెప్పడమే మర్యాద. ఇప్పటికే ఇద్దరు ఫోన్ చేసి "మీవాళ్ల కోసం దాచుకున్న కచేరీయా?" అని అడిగారు. పదకొండేళ్లుగా ఈ తలుపు తీస్తున్నాను. అలాంటి మాట పడటం ఇదే మొదటిసారి. రెండు రాత్రులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మొదట యాంప్లిఫయర్ సంగతి. పెద్దాయనకు డెబ్బై ఎనిమిదేళ్లు. తనతో తెచ్చుకునేది లోపల బోలుగా, పైపలక కాస్త ఉబ్బెత్తుగా ఉండే ఆర్చ్‌టాప్ గిటార్, దానికి చదునుగా చుట్టిన లావు తీగలు. మమ్మల్ని అడిగినవి రెండే: చేతులు లేని కుర్చీ ఒకటి, పన్నెండు అంగుళాల స్పీకరు ఉన్న వాల్వు యాంప్లిఫయర్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో పనిచేసేది) ఒకటి. కుర్చీ మేం ఇచ్చాం. యాంప్లిఫయర్ అద్దెకు తెచ్చాం. మన సొంత చిన్న యాంప్‌ను ఆ వారమే మరమ్మతుకు పంపాను. అద్దెది వస్తోంది కదా అన్న ధీమా. ఇది పూర్తిగా నా తప్పు, ఇందులో ఎవరికీ వాటా లేదు.

కానీ మిగతాదానిలో ఉంది. ఆ అద్దె వాళ్లతో ఆరేళ్ల పరిచయం. మధ్యాహ్నం రెండింటికి తెస్తామన్నారు, సాయంత్రం ఆరూ ఇరవైకి తెచ్చారు. ఎనిమిదింటికి కచేరీ. తెచ్చిన కుర్రవాడు సంతకం పెట్టించుకుని, వ్యాను ఇంజను కూడా ఆపకుండా వెళ్లిపోయాడు. స్విచ్ వేయగానే తేనెతుట్టె కదిలినట్లు బుయ్యిమని మోత. ఫోన్ చేశాను. "వేడెక్కితే తగ్గుతుంది సార్" అన్నారు. వేడెక్కింది. పెరిగింది.

బ్యాండు హోరులో అలాంటి మోత ఎవరికీ వినిపించదు. గిటార్, నిలబెట్టి వాయించే పెద్ద తీగవాద్యం డబుల్ బాస్ మాత్రమే ఉన్న కచేరీలో అది మూడో వాద్యం. పైగా ఈయన తక్కువ స్వరాలతో వాయించే మనిషి. ఒక స్వరం మీటి, అది ఆరిపోయేదాకా ఆగి, తరువాతి దానికి వెళతారు. ఆ ఆగిన చోటల్లా మా మోత దూరింది. రెండు పాటలు ఓర్చుకున్నారు. మూడో పాటలో వెనకనున్న ఒక వాల్వులో లోపలి రేకు ఎర్రగా కాలడం నేను కౌంటర్ దగ్గరనుంచే చూశాను. కాలిన వాసన వచ్చింది, ఫ్యూజు పోయింది.

అప్పుడు మేం చేసిన పని ఇంకా అధ్వానం. గిటార్ వైరును డీఐ బాక్సు (వాద్యాన్ని హాలు సౌండు సిస్టముకు కలిపే చిన్న పెట్టె) ద్వారా నేరుగా హాలు స్పీకర్లకు కలిపాం. గిటార్ యాంపులోని స్పీకరు పై స్థాయి ధ్వనుల్లోని పదునును తానే అరగదీసి స్వరాన్ని గుండ్రంగా చేస్తుంది. హాలు స్పీకరు ఆ పని చేయదు, ఇచ్చింది ఇచ్చినట్లు బయటికి తోస్తుంది. యాభై ఏళ్లుగా ఆయన వేళ్లకు అలవాటైన స్వరం పోయి, రేకు డబ్బా మీద గోరు గీసినట్లు ఏదో వినిపించింది. ఆయన నాలుగు స్వరాలు మీటి ఆగిపోయారు. ఎడమ చేతిని మోకాలికి తుడుచుకుని, తిప్పి తన వేళ్లకేసి చూసుకున్నారు, తప్పు అక్కడ ఉందేమోనన్నట్లు.

ముందు వరుసల్లో ఉన్నవాళ్లంతా అది చూశారు. "పాపం, చేతులు పోయాయి" అన్న మాట అక్కడే పుట్టింది. చేతులు పోలేదండీ. యాంప్లిఫయర్ లోపల కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లు పోయాయి. మర్నాడు తెలిసిన మెకానిక్ దాన్ని విప్పి చూపించాడు. పవర్ సప్లయిలో కెపాసిటర్లు పొట్టలు ఉబ్బి ఉన్నాయి, మోత అక్కడిది. నాలుగు అవుట్‌పుట్ వాల్వుల్లో మూడు ఒక తయారీవి, ఒకటి ఇంకో తయారీది, కాలింది అదే. వెనక "సర్వీసు చేయబడినది" అని స్టిక్కరు ఉంది. ఆ పెట్టె మొత్తంలో కొత్తగా ఉన్నది ఆ స్టిక్కరొక్కటే.

అద్దె వాళ్లు మన కరెంటులోనే లోపముందన్నారు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు కొలిపించాను, నిక్షేపంగా ఉంది. ఆ కాగితం వాళ్లకు పంపాను. జవాబుగా బిల్లు పంపారు. కట్టను. వాళ్ల పేరు ఇక్కడ రాయాలని చెయ్యి లాగుతోంది, కానీ రాయను.

ఇక నా నిర్ణయం. ఫ్యూజు పోయాక వెనక గదిలో పాతిక నిమిషాలు తర్జనభర్జన పడ్డాం. పెద్దాయన అన్నది ఇంతే: "కుర్చీలు దగ్గరికి జరపమనండి, ఇలాగే వాయిస్తాను." నేను వద్దన్నాను. అరవై ఒక్క మంది ఉన్నారు, వెనక వరుసకు ఏమీ వినపడదు అన్నాను. పాతతరం జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ పేరు కూడా లాగాను. 1936లో గిబ్సన్ వాళ్ల ఎలక్ట్రిక్ గిటార్ ఈఎస్-150 వచ్చి, 1939లో క్రిస్టియన్ క్లారినెట్ విద్వాంసుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాకనే కదా గిటార్ బాకాల పక్కన నిలబడి సోలో చెప్పగలిగింది, మళ్లీ దాన్ని వెనక్కి నెట్టడమెందుకు అని వాదించాను. బాస్ వాయించే అమ్మాయి ఊరుకోలేదు. "గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ కౌంట్ బేసీ జాజ్ బృందంలో దాదాపు యాభై ఏళ్లు యాంప్ లేకుండానే గడిపాడు కదా" అంది. "ఆయన లయ చూసుకున్నాడు, సోలోలు వాయించలేదు" అన్నాను. వాదనలో నేనే గెలిచాను. అలా గెలవడం నాకు అలవాటని మా ఇంట్లో అంటుంటారు.

నిజం చెప్పాలంటే వెనక వరుస గురించి కాదు నా బెంగ. యాంప్లిఫయర్ కూడా సమకూర్చలేని క్లబ్బు అని మీరు అనుకుంటారని భయం. సగం కచేరీ చూపించి సరిపెట్టాడనిపించుకోవడం కంటే మొత్తం రద్దు చేసి డబ్బు తిరిగి ఇచ్చేయడం గౌరవంగా తోచింది. ఆయన పరువు కాపాడుతున్నానని పైకి చెప్పుకున్నాను. ఆయన పరువుకు వచ్చిన లోటేమీ లేదు. కాపాడుకున్నది నాది.

మీరు వెళ్లాక కుర్చీలు సర్దుతుంటే ఆయన గిటార్ పెట్టె సర్దుకోవడం మానేసి బయటికి వచ్చారు. వేదిక ఎక్కలేదు. కింద, ముందు వరుసకు మూడడుగుల దూరంలో ఆ చేతులు లేని కుర్చీ వేసుకున్నారు. ఒకసారి చెవి రిక్కించి, "ఆ ఫ్రిజ్ ఆపుతారా?" అన్నారు. ఆపాను. ఏసీ కూడా ఆపాను. పదకొండేళ్లలో నా హాలు అంత నిశ్శబ్దంగా ఉండగా నేను వినలేదు. మనకు రోజూ వినిపించే నిశ్శబ్దం నిజానికి ఫ్రిజ్ చప్పుడని ఆ రాత్రి తెలిసింది.

జాజ్ గిటారిస్టు జిమ్ హాల్‌ను మెచ్చుకునేవారు ఒక మాట అంటుంటారు, ఆయన యాంప్‌ను గట్టిగా వాయించడానికి కాదు, మెల్లగా వాయించడానికి వాడాడని. ఎన్నోసార్లు నేనూ అన్నాను, అర్థం చేసుకోకుండానే. ఆ రోజు అర్థమైంది. చెక్క పలకడం వినిపించింది. లావు తీగ మీద వేలు జరిగిన రాపిడి, పిక్ తగిలిన క్షణం, పెద్దాయన ఊపిరి. బాస్ అమ్మాయి వేళ్ల కొసలతో, ఆయన స్వరం మీద పడకుండా, ఎంత అవసరమో అంతే వాయించింది.

నెమ్మదిగా సాగే పాత పాట ఒకటి ఎత్తుకున్నారు. రెండో ఆవర్తంలో నాలుగో వేలు సరిగ్గా ఆనక ఒక స్వరం మూగబోయింది, టక్కుమని చెక్క చప్పుడే వచ్చింది. నా గుండె జారింది. మూడో ఆవర్తంలో సరిగ్గా అదే చోటికి వచ్చి, అదే స్వరాన్ని ఈసారి కావాలని మూగగా మీటారు. నాలుగోసారి రెండుసార్లు. ఆఖరికి ఆ పాటకు ఆ చెక్క చప్పుడే పల్లవి అయింది. బాస్ అమ్మాయి నవ్వేసింది. వేగంగా వాయించే కుర్రాళ్లను నేనూ ఇష్టంగానే పిలుస్తాను, కానీ తప్పిన స్వరాన్ని ఇంత తాపీగా వెనక్కి వెళ్లి ఎత్తుకొచ్చేవారు వాళ్లలో ఇంకా కనిపించలేదు.

అందుకే, "ఇకనైనా ముసలివాళ్లను పిలవడం మానండి" అని రాసిన మిత్రుడికి నా జవాబు: మానను. గిటారిస్టు లెస్ పాల్ న్యూయార్క్‌లో ఇరిడియం క్లబ్బులో సోమవారం రాత్రుళ్లు వాయిస్తూ తొంభై ఏళ్లు దాటాడు. కీళ్లవాతంతో వేళ్లు చాలావరకు మొరాయించినా, 2009లో తొంభై నాలుగేళ్ల వయసులో చనిపోయిన ఆ ఏడాది కూడా వాయించాడు. అక్కడికి వచ్చినవారు వేళ్లు లెక్కపెట్టడానికి రాలేదు. ఈ ఒక్క విషయంలో మీ మాట వినను. మిగతా అన్నిటిలో వింటాను.

టికెట్ డబ్బు అరవై ఒక్క మందికీ వెనక్కి పంపాను. ఆగిన పద్నాలుగు మందిలో తొమ్మిది మంది తీసుకోలేదు, వాళ్లతో ఇంకా వాదిస్తున్నాను. కళాకారులిద్దరికీ ఒప్పుకున్నంతా ఇచ్చేశాను.

వచ్చే నెల రెండో శనివారం పెద్దాయన మళ్లీ వస్తానన్నారు. ఆయన పెట్టిన షరతు ఫ్రిజ్ గురించి. నేను పెట్టుకున్నది కుర్చీల గురించి. న్యూయార్క్‌లోని జాజ్ క్లబ్బు విలేజ్ వాన్‌గార్డ్ 1935 నుంచి నేలమాళిగలో నడుస్తోంది, పట్టేది నూట ఇరవై ముగ్గురే, ప్రపంచమంతా దాన్ని చిన్న క్లబ్బు అంటుంది. మన అరవై ఒక్క కుర్చీలు నాకు ఎప్పుడూ చాలా తక్కువనిపించేవి. ఇప్పుడు వాటిని కూడా సగం చేస్తున్నాను. అదే రోజు రెండు కచేరీలు, సాయంత్రం ఐదున్నరకు ఒకటి, ఎనిమిదింటికి ఒకటి, ఒక్కోదానికి ముప్పై మంది. మధ్యలో ఆయనకు తగినంత విశ్రాంతి. లెక్క చూస్తే నాకు గిట్టదు, ఆ సంగతి నేను చూసుకుంటాను.

సొంతంగా ఒక వాల్వు యాంప్ కొన్నాను. చిన్నదే, పన్నెండు అంగుళాల స్పీకరు ఒక్కటే. మెకానిక్ రెండు గంటలు దాన్ని నా ఎదురుగానే మోగించి చూశాడు. అది ఆయన పక్కన సిద్ధంగా ఉంటుంది, వాడాలో లేదో ఆయన ఇష్టం. హాలు స్పీకర్లకు మాత్రం గిటార్ కలిపేది లేదు.

ఇంటికి వెళ్లిన నలభై ఏడుగురి పేర్లు నా పుస్తకంలో ఉన్నాయి. సీట్లు ఇవ్వడం మొదలుపెట్టిన మొదటి వారం అవన్నీ మీకే. ఏ సమయానికి వస్తారో మాత్రం ఫోన్ చేసి చెప్పండి, తలుపు దగ్గర అడిగితే గందరగోళమవుతుంది. మిగిలిన సీట్లు ఆ తరువాతే ఇతరులకు. వాన కోసం ఆగిన పద్నాలుగు మంది దయచేసి ఈసారికి ఓపిక పట్టాలి.

కచేరీ మొదలయ్యాక కౌంటర్ మూసి ఉంటుంది. ఫ్రిజ్, ఏసీ రెండూ ఆపేస్తాం కాబట్టి హాలు కాస్త వేడెక్కుతుంది. చల్లగా ఏదైనా కావాలంటే పది నిమిషాలు ముందే వచ్చి తీసుకోండి. మంచు ముక్కలు మాత్రం వేయను, గ్లాసులో గలగలమంటాయి.