సౌండ్ అదుపు షెడ్డులోనే మొదలుకావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పాలకొల్లులో 20 ఏళ్లుగా కార్ల వైరింగ్, స్టీరియో పని చేస్తున్నాను. సంక్రాంతి వస్తోందంటే హైదరాబాద్, బెంగళూరు నుంచి మా ఊళ్లకి కార్లు దిగుతాయి. ఈ మధ్య వాటిలో టాప్ మడుచుకునే స్పోర్ట్స్ కార్లు, టాప్ విప్పేసిన జీపులు కూడా ఉంటున్నాయి. వాటిని నడిపే కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే: "బాబాయ్, టాప్ తీస్తే పాట గాలికి కొట్టుకుపోతోంది. ఇంకో ఊఫర్ వెయ్యి, పెద్ద ఆంప్ పెట్టు." ఊఫర్ అంటే బేస్, అంటే ధమ్‌ధమ్ మనే లోతైన సౌండ్, ఇచ్చే స్పీకర్. ఆంప్ అంటే స్పీకర్లకి పవర్ ఇచ్చే ఆంప్లిఫయర్.

పోయిన సంక్రాంతికి ఒక రెండు సీట్ల కారుకి అలాగే సీట్ల వెనక పెద్ద ఊఫర్ బాక్సు బిగించాను. భోగి ముందు రోజు రాత్రి నర్సాపురం కాలవ గట్టు మీద మా వదినగారింట్లో భోజనానికి కూర్చున్నాం. టైము పదకొండు కావస్తోంది. కారు ఇంకా కనబడలేదు, వంటింట్లో స్టాండు మీద గిన్నెలు మాత్రం గలగలమన్నాయి. జ్వరంతో అప్పుడే నిద్రపట్టిన చంటిపిల్ల ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. గుమ్మంలోకి వచ్చి చూస్తే అది నేను బాక్సు బిగించిన కారే. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఈ లేఖ అప్పుడే రాయాల్సింది.

మామూలు కారు అద్దాలు, తలుపులు మూస్తే చిన్న గది. బేస్ అందులోనే నిలిచి బలపడుతుంది. టాప్ తీసేస్తే దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు. దానికి తోడు 80 స్పీడులో గాలి హోరు. అందుకే వాట్లు పెంచమంటారు. కానీ వాట్లతో వచ్చేది చాలా తక్కువ. సౌండ్‌ని కొలిచేది డెసిబెల్స్‌లో. 100 వాట్ల చోట 200 పెడితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు సౌండ్ అనిపించాలంటే దాదాపు 1000 వాట్లు కావాలి. అదే స్పీకర్‌ని నాలుగడుగుల నుంచి రెండడుగులకి దగ్గరగా తెస్తే, ఆరుబయట 6 డెసిబెల్స్ పెరుగుతుంది. అంటే వాట్లు నాలుగింతలు చేసినంత లాభం, రూపాయి కరెంటు ఖర్చు లేకుండా. అందుకే టాప్ లేని కార్లలో స్పీకర్లు సీటు తలగడలో, కాళ్ల పక్క ప్యానెల్‌లో పెట్టడం మంచి పద్ధతి. ఊఫర్ చిన్నదైనా సీటు కింద పెడితే బేస్ ఒంటికి తెలుస్తుంది. నడిపేవాడికి పాట నిండుగా వినిపిస్తుంది, గట్టు మీద ఇళ్లవాళ్లు హాయిగా పడుకుంటారు. ఇలా చేస్తే టాప్ మడుచుకునే చోటికి బాక్సు అడ్డం రాదు కూడా.

మన దగ్గర ఇది మరీ ముఖ్యం. డెల్టాలో ఇళ్లు కాలవ గట్టు రోడ్డుని ఆనుకుని ఉంటాయి. రాత్రి చల్లబడ్డ గాలి నీటి మీద పరుచుకున్నప్పుడు శబ్దం మామూలు కన్నా దూరం పోతుంది. గోడలు సన్నటి సౌండ్‌ని కొంత ఆపగలవు గానీ బేస్‌ని ఆపలేవు.

ఇక వైరింగ్. ఇది జనానికి తెలియడం లేదని నా బాధ. ఇంట్లో 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె లాగేది నాలుగున్నర ఆంపియర్లు కూడా ఉండదు. అదే 1000 వాట్లు కారులో 12 వోల్టుల బ్యాటరీ నుంచి రావాలంటే 80 ఆంపియర్లు దాటాలి. దానికి వేలెడు లావు రాగి వైరు, బ్యాటరీకి అడుగున్నర లోపు ఫ్యూజు ఉండి తీరాలి. ఫ్యూజు ఉన్నది ఆంప్‌ని కాపాడటానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరుని, వైరు పక్కన కూర్చున్న మనుషుల్ని. వేరే చోట బిగించిన కారు ఒకటి నా షెడ్డుకి వచ్చింది, కార్పెట్ ఎత్తితే వైరు తొడుగు కరిగి కార్పెట్‌కి అంటుకుపోయి ఉంది. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు, బ్యాటరీ దగ్గర ఫ్యూజే లేదు. పెట్రోలు ట్యాంకు అక్కడికి రెండు మూరల దూరం. పైగా మన సంక్రాంతి మంచుకి పేపర్ కోన్ స్పీకర్లు ఉబ్బిపోతాయి, అంతర్వేది వైపు ఉప్పుగాలికి టెర్మినల్స్‌కి చిలుం పడుతుంది. టాప్ లేని కారులో తడికి తట్టుకునే స్పీకర్లే వెయ్యాలి.

చట్టం లేక కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 వరకు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. రోడ్డు మీద కారాపి జరిమానా రాస్తే ఆ రాత్రికి సౌండ్ తగ్గుతుంది. మర్నాడు ఇంకో గట్టు మీద మళ్లీ మొదలు. ఆ కుర్రాళ్ల చెవులకీ నష్టమే. 100 డెసిబెల్స్ రోజుకి 15 నిమిషాలకి మించి వినకూడదని అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ లెక్క. పాలకొల్లు నుంచి నర్సాపురం చేరేసరికే ఆ 15 నిమిషాలు అయిపోతాయి.

పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల పోలీసు, రవాణా అధికారులకి నా మనవి ఒకటి. పండగకి నెల ముందే కార్ స్టీరియో బిగించే వాళ్లందరినీ ఒక పూట పిలవండి. బయటికి మోగేలా స్పీకర్లు పెట్టకూడదని, బిల్లు మీద వైరు సైజు, ఫ్యూజు రేటింగ్ రాసివ్వాలని చెప్పండి. మాలో చాలామంది షెడ్డులో చూసి నేర్చుకున్నవాళ్లమే, చదివి వచ్చినవాళ్లం కాదు. ఐటీఐలో రెండు రోజుల శిక్షణ పెడితే డబ్బు కట్టి మరీ వస్తారు. ఒక షెడ్డు కాదంటే కస్టమర్ పక్క షెడ్డుకి పోతాడు, అందుకే మాట అందరికీ ఒకేసారి చెప్పాలి.

నేను ఆ రెండు సీట్ల కారు ఓనర్‌ని పిలిచి పెద్ద బాక్సు తీసేశాను, కూలి తీసుకోకుండా తలగడల్లో స్పీకర్లు వేశాను. డిసెంబరులో మీటింగ్ పెడితే తప్పకుండా వస్తాను. కరిగిపోయిన ఆ వైరు ముక్క దాచి ఉంచాను, అదీ తెస్తాను.

ఇట్లు,
ఒక కార్ ఎలక్ట్రీషియన్,
పాలకొల్లు