పై చదువుల డబ్బు కాగితాల దగ్గర ఆగిపోకూడదు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, దసరా సెలవులు, ఆటల పోటీల ఫలితాలు ఈ నెల వార్తాలేఖ లోపలి పేజీల్లో ఉన్నాయి. ఈ మొదటి పేజీని మాత్రం ఒకే విషయానికి కేటాయిస్తున్నాను. మన పిల్లలు ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువుకోవడానికి దొరికే ఉపకార వేతనాలు, ఫీజు రీయింబర్స్‌మెంటు గురించి కాలేజీలో చేరిన తర్వాత ఆలోచిస్తే సరిపోతుందని మనలో చాలామంది అనుకుంటున్నారు. నా అనుభవంలో మార్కులు చాలక ఆ డబ్బు పోగొట్టుకున్న పిల్లలు తక్కువ, కాగితాల్లో పేర్లు కలవక పోగొట్టుకున్న పిల్లలు ఎక్కువ. ఆ కాగితాలు తయారయ్యేది కాలేజీలో కాదు, ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి లోపు ఇక్కడే, మన బడిలోనే.

రెండేళ్ల కిందట మన బడిలో పదో తరగతి పూర్తి చేసిన ఒక అమ్మాయికి పాలిటెక్నిక్‌లో కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా, మంచి సీటు వచ్చింది. ఆమె పేరు చివర 'లక్ష్మీ' అని ఉంది. దాన్ని ఆధార్ కార్డులో ఇంగ్లీషులో రెండు 'ఈ'లతో రాశారు, మన రిజిస్టరులో ఒక్క 'ఐ'తో రాశారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటే పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరం మాత్రమే ఉంది. కాలేజీలో వివరాలు నమోదు చేసేటప్పుడు రెండూ కలవడం లేదని దరఖాస్తు ఆగిపోయింది. ఆధార్‌లో దిద్దుకుందామంటే ఓటీపీ వెళ్లేది తండ్రి ఫోనుకు, ఆయనేమో బోటు మీద సముద్రంలో ఉన్నారు. ఆయన తిరిగి వచ్చి, అందరూ కలిసి కావలి పట్టణానికి వెళ్లి, దిద్దుబాటు పూర్తయ్యేసరికి గడువు దాటిపోయింది. మొదటి సంవత్సరం ఫీజు కోసం ఆ తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టారని నాకు తరువాత తెలిసింది. ఆరో తరగతిలో చేర్చుకున్న రోజున ఆధార్ కార్డు చూడకుండా, నోటిమాటగా విని పేరు రాసుకున్నది మేమే. ఆ తప్పు మా బడిది, ఆ తల్లిదండ్రులది కాదు. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

పదో తరగతి విద్యార్థుల నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి వివరాల పట్టిక) ప్రభుత్వ పరీక్షల విభాగానికి పంపే పని కొద్ది వారాల్లో మొదలవుతుంది. అందులో విద్యార్థి పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఎలా వెళితే సర్టిఫికెట్ మీద అలాగే అచ్చవుతాయి. పంపేముందు సరిచేయడానికి ఒక పూట చాలు, అచ్చయిన తర్వాత సరిచేయించడానికి నెలలు పడుతుంది. అందువల్ల ఈసారి ప్రతి విద్యార్థి వివరాలను అచ్చు తీసి ఇంటికి పంపుతున్నాము. దయచేసి "సారు చూసుకుంటారులే" అని ఊరికే సంతకం పెట్టి పంపకండి. ఆధార్ కార్డును పక్కన పెట్టుకుని, ఇంగ్లీషు అక్షరాలను ఒక్కొక్కటిగా వేలు పెట్టి చదవండి. మీకు చదవడం రాకపోతే పిల్లల చేతే చదివించండి, వాళ్లు బాగా చదువుతారు. తీరప్రాంతపు తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది, అప్పుడు తీరిగ్గా చూసుకుందామని కొందరు ప్రతి ఏటా అంటారు. అప్పటికి పరీక్షలు అయిపోయి, సర్టిఫికెట్లలోకి తప్పు కూడా ఎక్కేసి ఉంటుంది.

ఆధార్ విషయంలో మరో రెండు సంగతులున్నాయి. పిల్లలకు 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప, ఫోటో మళ్లీ ఇవ్వడం తప్పనిసరి. చిన్నప్పటి ముద్రలతో నెట్టుకొస్తే కాలేజీలో వేలు పెట్టినప్పుడు యంత్రం గుర్తించదు. రెండోది బ్యాంకు ఖాతా. "ఖాతాకు ఆధార్ ఇచ్చాం కదా" అని మీరు చెప్పేది నిజమే కావచ్చు, కానీ ప్రభుత్వ డబ్బు నేరుగా జమ కావాలంటే ఆ ఖాతా, ఏ ఆధార్ డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లాలో నమోదు చేసే జాతీయ చెల్లింపుల సంస్థ పట్టికలో, అంటే ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో ఉండాలి. ఒక ఆధార్‌కు అలా ఒక్క ఖాతా మాత్రమే ముడిపడి ఉంటుంది, చివరగా ఎక్కడ సీడింగ్ (ఖాతాకు ఆధార్ ముడిపెట్టడం) చేయిస్తే డబ్బు అక్కడికే వెళుతుంది. ఆరో తరగతిలో ఒక బ్యాంకులో, ఆ తర్వాత పోస్టాఫీసులో ఖాతా తెరిచిన పిల్లల డబ్బు ఒకచోట పడుతుంటే తల్లిదండ్రులు రెండోచోట పాసుపుస్తకం అచ్చు వేయించుకుని నిరాశపడటం నేను చూశాను. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అనే చోట ఒక్క ఓటీపీతో ఈ సంగతి తెలిసిపోతుంది. ఏళ్ల తరబడి లావాదేవీలు లేక నిద్రపోయిన ఖాతా ఉంటే బ్యాంకుకు వెళ్లి దాన్ని మేలుకొలపండి.

ఎనిమిదో తరగతి తల్లిదండ్రులు, తక్కువ ఆదాయ కుటుంబాల ప్రతిభగల పిల్లలకు కేంద్రం ఉపకార వేతనమిచ్చే ఎన్‌ఎంఎంఎస్ పరీక్షను గట్టిగా పట్టించుకోవాలని కోరుతున్నాను. ఎంపికైన విద్యార్థికి తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకు 48,000 రూపాయలు వస్తాయి. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షలు మించకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు ఇందులో 5 శాతం సడలింపు ఉంది. ఒకసారి ఎంపికైతే డబ్బు దానంతట అదే వస్తుందని మాత్రం అనుకోవద్దు. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏటా రెన్యువల్ చేయాలి, దాన్ని బడి ధ్రువీకరించాలి. పదో తరగతిలో మార్కులు 60 శాతం కంటే (షెడ్యూల్డు కులాలు, తెగల పిల్లలకు 55 శాతం కంటే) తగ్గితే ఇంటర్‌లో ఆగిపోతుంది. పథకం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ విద్యాసంస్థల పిల్లలది కాబట్టి, పదో తరగతి తర్వాత ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేర్పిస్తే మిగిలిన రెండేళ్ల 24,000 రూపాయలు వదులుకున్నట్లే. ఎక్కడ చదివించాలన్నది మీ ఇష్టం, ఆ లెక్క కూడా వేసుకుని నిర్ణయించుకోండి.

ఇంటర్ తర్వాత మన జిల్లాలో ఎక్కువమంది ఆధారపడేది ఫీజు రీయింబర్స్‌మెంటు మీదే. దీనికి కుటుంబ వార్షికాదాయ పరిమితి 2.5 లక్షలు, దరఖాస్తు కాలేజీ ద్వారా జ్ఞానభూమి పోర్టల్‌లో వెళుతుంది, హాజరు 75 శాతం ఉండాలి. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటాలో వచ్చిన సీటుకే ఇది వర్తిస్తుంది. యాజమాన్య కోటాలో చేరినవారికి, చివర్లో స్పాట్ అడ్మిషన్ తీసుకున్నవారికి వర్తించదు. ప్రతి వేసవిలో కాలేజీల తరఫున విద్యార్థులను చేర్పించే పీఆర్‌ఓలు మోటారు సైకిళ్ల మీద మన ఊళ్లకు వస్తారు. "మీరు రూపాయి కట్టనక్కర్లేదు, ఫీజంతా గవర్నమెంటు ఇస్తుంది, సర్టిఫికెట్లు మాకిచ్చేయండి" అంటారు. వాళ్లలో మర్యాదస్తులు లేరని నేననను. అయినా కౌన్సెలింగ్‌లో సీటు రాకముందే పదో తరగతి మార్కుల పత్రం, టీసీ, కుల ధ్రువపత్రం అసలు ప్రతులను వారి సంచిలో వేయకండి. పరిశీలించిన తర్వాత అసలు సర్టిఫికెట్లను తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం యూజీసీ 2018లోనే విద్యాసంస్థలకు చెప్పింది. ఆ పీఆర్‌ఓ చెప్పిన సీటు ఏ కోటాలోది అని ఒక్క ప్రశ్న అడగండి, సమాధానం నసుగుతూ వస్తే ఇక అర్థం చేసుకోవచ్చు. ఈ పథకం కాలేజీ ఫీజుకేనని, హాస్టలు, బస్సు, పుస్తకాల ఖర్చు దీనిలో కలవవని కూడా ముందే తెలుసుకోండి.

బాగా చదివే పిల్లలకు మరికొన్ని దారులున్నాయి. ఇంటర్‌లో తమ బోర్డులో వందమందిలో మొదటి ఇరవై మంది స్థాయిలో నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే, కేంద్ర ప్రభుత్వ పథకం కింద డిగ్రీ మూడేళ్లూ ఏటా 12,000 రూపాయలు, పీజీలో ఏటా 20,000 రూపాయలు ఇస్తారు. డిప్లొమా లేదా ఇంజనీరింగ్ చదివే అమ్మాయిలకు సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ ఏటా 50,000 రూపాయలు, ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు తీసుకోవచ్చు. అవే చదువుల్లోని దివ్యాంగ విద్యార్థులకు సక్షమ్ అనే పథకం అంతే మొత్తం ఇస్తుంది. అయితే ఒకే చదువుకు రెండు ప్రభుత్వ సహాయాలు సాధారణంగా కుదరవు. ఫీజు రీయింబర్స్‌మెంటు తీసుకుంటున్న విద్యార్థి వీటికి దరఖాస్తు చేస్తే తిరస్కరించే అవకాశం ఉంది, కాబట్టి ఏది ఎక్కువ ఉపయోగమో ఫీజును బట్టి ముందే ఎంచుకోవాలి. పదో తరగతి మార్కులతోనే ప్రవేశం దొరికే ట్రిపుల్ ఐటీని కూడా గుర్తుంచుకోండి. రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లు అక్కడే చదవవచ్చు. మనకు దగ్గరలోని ప్రాంగణం ఒంగోలుదే.

ఇవేవీ చాలకపోతే బ్యాంకు విద్యారుణం ఉంది. బ్యాంకుల నమూనా పథకం ప్రకారం 4 లక్షల వరకు తాకట్టు అడగకూడదు. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి కింద, జాబితాలో ఉన్న విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణమిస్తారు, ఆదాయం 8 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు 10 లక్షల రుణం వరకు చదువు కాలంలో వడ్డీ రేటులో 3 శాతం రాయితీ ఉంది. చదువు ముగిసిన ఏడాది వరకు వాయిదాలు మొదలుకాకపోయినా, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కకు వస్తుంది. రొయ్యల గుంటల మీద వడ్డీకి తెచ్చి కట్టడం కంటే ఇది ఎన్నో రెట్లు మేలని నా అభిప్రాయం.

దరఖాస్తులు నెట్ సెంటరులో చేయించేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రద్దీలో అక్కడి అబ్బాయి తన ఫోను నంబరో, ఎవరిదో నంబరో వేసేస్తాడు. మరుసటి ఏడాది రెన్యువల్‌కు పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. మీ నంబరే వేయించండి, పాస్‌వర్డును పిల్లల నోటుపుస్తకం చివరి అట్ట లోపల రాయించండి, రసీదు ప్రతి తీసుకోండి. ప్రభుత్వ పోర్టల్‌లో దరఖాస్తుకు రుసుము లేదు. నెట్ సెంటరు వారికి వారి శ్రమకు ఇచ్చేది వేరు, "స్కాలర్‌షిప్ శాంక్షన్ చేయిస్తాను" అని అడిగేది వేరు.

దసరా సెలవుల ముందు వచ్చే రెండు శనివారాలు మధ్యాహ్నం రెండు గంటల నుంచి చీకటి పడేవరకు కంప్యూటర్ గది తెరిచి ఉంటుంది. మన ఇంగ్లీషు, గణితం ఉపాధ్యాయులు, నేను అక్కడే ఉంటాము. విద్యార్థి ఆధార్, తల్లి ఆధార్, రైస్ కార్డు, విద్యార్థి పేరు మీదున్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాసుపుస్తకం, కుల ధ్రువపత్రం తీసుకురండి. ఆధార్‌కు ముడిపడిన ఫోనును, ఛార్జింగ్ పెట్టి, మరచిపోకుండా తీసుకురండి. ఆ ఫోను బోటు మీదో, చెన్నైలో పనిలో ఉన్న తండ్రి దగ్గరో ఉంటే ఆ పూట ఆయనను ఫోను దగ్గరే ఉండమని ముందుగా చెప్పి ఉంచండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఇంకా లేనివారు అంతకుముందే గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేసి, ఆ రసీదు తెస్తే చాలు. గతంలో మన బడిలో చదివి ఇప్పుడు ఇంటర్, డిగ్రీ చదువుతున్న పిల్లలు కూడా రావచ్చు, వారి కాగితాలు కూడా చూస్తాము.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు