2024–25 వార్షిక నివేదిక: సూర్యుడి ఇరుగుపొరుగు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన ఖగోళ సంఘం చేపట్టిన కార్యక్రమాల నివేదికను నియమావళి ప్రకారం మీ ముందుంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయానికి వస్తాను. గ్రహణమో తోకచుక్కో వచ్చినప్పుడు మాత్రమే హడావుడి చేయకుండా, ఏడాది పొడవునా ఒకే అంశాన్ని పట్టుకుని పనిచేయాలని గత సమావేశంలో తీర్మానించుకున్నాం. ఆ ప్రకారం, పాలపుంతలో మన సూర్యుడికి ఇరుగుపొరుగున ఉన్న నక్షత్రాలను ఈ ఏటి అంశంగా స్వీకరించాం.

ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే రోడ్డు వెంబడి నిలబెట్టిన నక్షత్ర బోర్డులు. కాంతి సంవత్సరమంటే 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పినా అది వాళ్లకు ఒక అంకెగానే మిగిలిపోతోందని మన ఉపాధ్యాయ సభ్యులు తరచూ వాపోయేవారు. అందుకని సూర్యుడికీ భూమికీ మధ్య దూరాన్ని ఒక సెంటీమీటరుగా తీసుకున్నాం. ఈ లెక్కన బడిపిల్లల సంచిలో ఉండే 30 సెంటీమీటర్ల స్కేలు మీద సున్నా దగ్గర సూర్యుడు, ఒకటి దగ్గర భూమి, ఐదు దాటాక గురుడు, తొమ్మిదిన్నర దగ్గర శని, చిట్టచివర నెప్ట్యూన్ వస్తాయి. సూర్యబింబం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. అలాంటి స్కేలునొకదాన్ని మనం సమావేశాలు జరుపుకునే పాఠశాల ప్రహరీగోడకు బిగించి, అక్కడి నుంచి రోడ్డు కొలత మొదలుపెట్టాం. కాంతి సంవత్సరానికి 632 మీటర్లు చొప్పున, 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ 2.7 కిలోమీటర్ల దగ్గర వచ్చింది. గ్రహాలన్నీ ఒక స్కేలు మీద సరిపోయాక, మొదటి నక్షత్రం కోసం రెండున్నర కిలోమీటర్లకు పైగా నడవాల్సి రావడంతో పిల్లలకు ఆకాశంలోని ఖాళీ ఎంతటిదో కాళ్ల నొప్పితో సహా తెలిసింది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 వ్యోమనౌక అంత దూరం వెళ్లడానికి దాదాపు 75 వేల ఏళ్లు పడుతుందని ఆ బోర్డు మీదే రాయించాం.

తరువాతి బోర్డులు వరుసగా బర్నార్డ్ నక్షత్రానికి 3.8 కిలోమీటర్ల దగ్గర, సిరియస్‌కు 5.4 దగ్గర, ప్రోసియాన్‌కు 7.2 దగ్గర, శ్రవణానికి 10.6 దగ్గర, అభిజిత్తుకు 15.8 దగ్గర, స్వాతికి 23.2 దగ్గర ఉన్నాయి. పంచాంగంలో రోజూ చూసే రోహిణిని కూడా చేర్చమని చాలామంది సభ్యులు కోరారు గానీ, 65 కాంతి సంవత్సరాల దూరానికి 41 కిలోమీటర్లు కావాలి, మన రోడ్డు అంతకు ముందే సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఈ బోర్డులు దూరాన్నే చూపిస్తాయి, దిక్కును చూపవు. వాస్తవంలో ఈ నక్షత్రాలు ఆకాశంలో తలోవైపున ఉన్నాయన్న సంగతిని బృందాలను తీసుకువెళ్లే సభ్యులు తప్పక చెప్పాలని కోరుతున్నాను. శ్రవణం బోర్డు పక్కనున్న టీకొట్టు యజమాని, తన జన్మనక్షత్రం అదేనని తెలిసిన నాటి నుంచి, దాని మీద సినిమా పోస్టరుగానీ కోచింగ్ సెంటర్ ప్రకటనగానీ అంటించనివ్వకుండా కాపాడుతున్నారు. తడిగుడ్డతో దుమ్ము తుడుస్తూ, ఆగినవాళ్లకు 16.7 కాంతి సంవత్సరాలంటే ఏమిటో తానే వివరిస్తున్నారు. ఆయనను ఈ సమావేశంలో శాలువాతో సత్కరించాలని కార్యవర్గం నిర్ణయించింది.

మే నెల అమావాస్య రాత్రి కళింగపట్నం తీరంలో జరిపిన ఆల్ఫా సెంటారీ దర్శనం మరో ముఖ్య కార్యక్రమం. మన అక్షాంశం నుంచి ఆ నక్షత్రం దక్షిణాన దాదాపు 11 డిగ్రీల ఎత్తుకు మించి రాదు. పట్టణంలో ఇళ్లు, చెట్లు అడ్డం. కళింగపట్నంలో దక్షిణం వైపు సముద్రమే గనుక అడ్డు లేదు. తీరంలోని దీపాలను కొద్దిసేపు ఆర్పించమని ముందుగానే అర్జీ ఇచ్చినా సమాధానం రాలేదు కాబట్టి, టెలిస్కోపును ఇసుకలో మోసుకుంటూ వంశధార సంగమం వైపు చీకట్లోకి వెళ్లాం. పదకొండు దాటాక నీటి ఆవిరి తెర మీద ఆల్ఫా, దాని పక్కనే బీటా సెంటారీ మెరుస్తూ నిలిచాయి. కంటికి పక్కపక్కనే ఉన్నా, మొదటిది 4.37 కాంతి సంవత్సరాల దూరంలో, రెండోది దాదాపు 390 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయని చెప్పినప్పుడు జనం మళ్లీ మళ్లీ తలెత్తి చూశారు. వేట నుంచి వచ్చిన ఒక మత్స్యకార పెద్ద ఆ రెండు చుక్కలనూ పడవ మీద నుంచి దక్షిణం గుర్తుగా చూసేవాళ్లమని చెప్పి, టెలిస్కోపులో ఆల్ఫా రెండుగా విడిపోయి కనిపించేసరికి చాలాసేపు కన్ను తీయలేదు. ఈ జంటను మొదట గుర్తించింది కూడా ఈ బంగాళాఖాతం తీరం నుంచే: 1689లో పుదుచ్చేరిలో తోకచుక్కను పరిశీలిస్తున్న ఫాదర్ రిషో ఆల్ఫా సెంటారీ రెండు నక్షత్రాలని కనుగొన్నారు. ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి పట్టే కాలం సుమారు 80 ఏళ్లు, అంటే మనిషి సహస్ర చంద్ర దర్శనం చేసుకునేంత కాలం. మూడో తోడైన ప్రాక్సిమాను 1915లో రాబర్ట్ ఇన్నెస్ కనుగొన్నారు. ఎర్ర మరుగుజ్జు, అంటే చాలా చిన్న, మసక నక్షత్రం కాబట్టి అది కంటికి ఆనదు.

నెలవారీ ప్రసంగాల్లో నక్షత్ర దూరాలను కొలిచే పద్ధతి మీద జరిగిన గోష్ఠికి మంచి స్పందన వచ్చింది. 1838లో జర్మన్ శాస్త్రవేత్త బెస్సెల్ హంస మండలంలోని 61వ నక్షత్రం స్థానంలో, భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల ఆరు నెలల తేడాతో కనిపించే స్వల్ప మార్పును పట్టుకుని దూరం లెక్కకట్టగా, అదే సూత్రంతో 2013 డిసెంబరులో ప్రయోగించిన గయా ఉపగ్రహం దాదాపు రెండు వందల కోట్ల నక్షత్రాలను కొలిచింది. దాని పరిశీలనలు ఈ జనవరి 15న ముగిశాయి, మార్చి 27న దాన్ని శాశ్వతంగా ఆపేశారు. మనకు 326 కాంతి సంవత్సరాల లోపల 3,31,312 ఖగోళ వస్తువులతో తయారైన పొరుగు జాబితా అది ఇచ్చిన కానుకే. అయినా పొరుగంతా తెలిసిపోయిందనుకోకూడదు. 6.5 కాంతి సంవత్సరాల దూరంలోనే ఉన్న లూమన్ 16 అనే గోధుమ మరుగుజ్జుల (నక్షత్రాలుగా వెలగలేకపోయిన చిన్న వస్తువుల) జంట 2013లోగానీ బయటపడలేదు. బర్నార్డ్ నక్షత్రం చుట్టూ ఒక గ్రహం ఉందని 2024 అక్టోబరులో ప్రకటించారు, ఈ మార్చిలో ఆ సంఖ్య నాలుగుకు చేరింది.

అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఆలయంలో మార్చి, అక్టోబరు నెలల్లో కిరణాలు మూలవిరాట్టును తాకే సందర్భంలో భక్తులకు ఒక కరపత్రం పంచాం. ఆ రెండు సమయాల్లోనూ సూర్యుడు సరి తూర్పుకు కొద్దిగా దక్షిణాన, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడని, మనకు అన్నింటికన్నా దగ్గరి నక్షత్రం ఆయనేనని అందులో రాశాం.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. బోర్డుల రేకు, ఎనామిల్ రంగు, రవాణా ఖర్చులు దాతల వల్లే తీరాయి. సభ్యత్వ చందా బకాయి ఉన్నవారు ఈ రోజే చెల్లించి రసీదు తీసుకోగలరు.

ఇక కొంత బాధతో చెప్పవలసినవి ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో వస్తామని పేరిచ్చినవారిలో ఎక్కువమంది కార్యక్రమం రోజున కనిపించలేదు. బోర్డులకు గుంటలు తవ్విన రోజు ఎండలో నిలబడింది ప్రతిసారీ ఆ కొద్దిమందే. రోడ్డు పక్క అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరగవలసి వచ్చింది, దస్త్రం ఏ బల్ల మీద ఉందో చెప్పేవారే కరువయ్యారు. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు విశాఖపట్నంలో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించిన ఈ ప్రాంతంలో, రేకు బోర్డు పాతుకోవడానికి ఇంత ప్రయాస పడవలసి రావడం నన్ను నిజంగా కలచివేసింది.

స్థలం ఇచ్చిన పాఠశాల యాజమాన్యానికి, పిల్లలను పంపిన తల్లిదండ్రులకు, బోర్డుల మీద తెలుగు అక్షరాలు ముత్యాల్లా రాసిన పెయింటరు గారికి, టెలిస్కోపు అద్దాన్ని ఉప్పుగాలి నుంచి కాపాడుతున్న పరికరాల బాధ్యులకు, ఆ రాత్రి మాకు చాపలు, మంచినీళ్లు ఇచ్చిన కళింగపట్నం మత్స్యకార కుటుంబాలకు, వార్తలు ప్రచురించిన పత్రికా విలేకరులకు సంఘం పక్షాన కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది పనుల్లో ఒకటి ఇప్పటికే మొదలైంది. బర్నార్డ్ నక్షత్రం ఆకాశంలో ఏడాదికి 10.3 వికలలు జరుగుతుంది. డిగ్రీలో 3600వ వంతు ఒక వికల. ఏ ఇతర నక్షత్రానికీ ఇంత వేగం లేదు, సుమారు 175 ఏళ్లలో చంద్రబింబమంత వెడల్పు దాటేస్తుంది. గత మేలో మన టెలిస్కోపుతో తీసిన దాని ఫొటో సంఘం దగ్గర ఉంది. ఈ మేలో అదే కెమెరాతో, అదే ఆకాశ భాగాన్ని మళ్లీ తీసి రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలవాలి. ఇందుకు రాత్రి పన్నెండు దాకా మేలుకోగల ఆరుగురు సభ్యులు కావాలి. పేర్లను ఈ సమావేశం ముగిసేలోగా నా వద్ద రిజిస్టరులో సంతకంతో సహా నమోదు చేయించవలసిందిగా కోరుతూ, ఈ నివేదికను ఆమోదం నిమిత్తం సభకు సమర్పిస్తున్నాను.

కార్యదర్శి
శ్రీకాకుళం